ఎఫ్ ఎనిమిదికి లొంగని గోడ

ఆడి 5, సోమవారం

మా నడిమి గోడ వంకర. ఈ మాట నేను చెప్పటం మొదలుపెట్టినప్పుడు నా కొడుకు జీవకి మీసం రాలేదు. ఇప్పుడు వాడి మీసం నెరుస్తోంది. గోడ ఇంకా వంకరే.

ఆ గోడకి అటు పక్క నా తమ్ముడు భూపతి ఉంటాడు. పాళ్లు పంచుకున్నప్పుడు, నేను మిల్లులో పగలు షిఫ్టులో ఉన్న రోజు చూసుకుని, మేస్త్రీ ఇరుళప్పన్‌ని పిలిపించి దారం కట్టించి పునాది తవ్వించేశాడు. సాయంత్రం సైకిల్ దిగి చూశాను. గేటు దగ్గర ఇద్దరికీ సమంగానే ఉంది. వెనక పెరట్లోకి పోయేసరికి నా పక్క సన్నబడిపోయింది. ముందు ఎద్దు, వెనక ఎలుక. అక్కడే నిలబడి అరిచాను. వీధి వీధంతా వచ్చింది. భూపతి మాత్రం ఒక్క మాట తిరిగి అనలేదు. తప్పు చేసినవాడు ఏమంటాడు? ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటలు లేవు.

ఇప్పుడు ఇది ఎందుకు రాస్తున్నానంటే, కోడలు షణ్ముగప్రియ మేడ మీద ఒక గది వేయాలంటోంది. ఆమె ఆర్.ఎస్. పురంలో ఒక ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీసేది. ఇప్పుడు ఆ పని ఇంటికి తెచ్చుకుంది. ప్లాన్లు గీసే కంప్యూటర్ మా హాల్లో నా వాలుకుర్చీ ఉండే చోట కూర్చుంది. నా వాలుకుర్చీ చెప్పుల పక్కకి పోయింది. మిల్లులో మేస్త్రీగా చేసినవాణ్ణి, వచ్చినవాళ్లు విడిచిన చెప్పులకి కాపలా కాస్తున్నాను. మేడ మీద గది పడితే కంప్యూటర్ పైకి పోతుంది, నా కుర్చీ నాకు వస్తుంది.

ఈ ఆడి నెల పోయి ఆవణి నెల రాగానే పని మొదలుపెట్టాలి. అంతకుముందే కార్పొరేషన్‌లో ప్లాన్ ఇవ్వాలి. గోడ ఉమ్మడిది కాబట్టి ప్లాన్ మీద భూపతి సంతకం కూడా కావాలట.

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ప్లాన్‌లో గోడ వంకరగా పడాలి. దాని కింద వాడు సంతకం పెట్టాలి. ఒప్పుకున్నట్టే కదా! గోడ సాపుగా పడిందా, నా మాట ఇక ఎప్పటికీ చెల్లదు.

ఈ పుస్తకం తెలుగులో రాస్తున్నాను. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, చదవటం ఒక్కరికీ రాదు. బడికి పోయినవాళ్లంతా అరవమే చదివారు. నాకు మా అవ్వ ఇసుకలో వేలు పట్టి దిద్దించిన అక్షరాలు ఉన్నాయి. బీరువాలో పెట్టి తాళం వేసినా ఇంత భద్రం కాదు. ఆ ఇసుకలో నా పక్కన కూర్చుని దిద్దినవాడు ఇంకొకడు ఉన్నాడు. వాడి పేరు ఈ పేజీలో ఇప్పటికే చాలాసార్లు వచ్చింది. చాలు.

ఆడి 6, మంగళవారం

ప్లాన్ చూపిస్తానని కోడలు పిలిచింది.

"చూడండి మామా, మన ఇల్లు."

నల్లటి తెర మీద తెల్ల గీతలు. అందులో నా ఇల్లు పోస్టుకార్డంత ఉంది. ఆమె టకటకా ఏదో కొట్టింది, ఒక గోడ లేచింది. ఇంకేదో కొట్టింది, గోడలో తలుపు పడింది.

"ఏమి మంత్రం అమ్మిణీ అది?"

"మంత్రమేమీ లేదింగ. నేను పెట్టుకున్న కమాండ్లు. గోడ అని కొడితే గోడ వస్తాది. తలుపు అంటే తలుపు, మెట్లు అంటే మెట్లు. తప్పు పోతే వద్దు అని కొడితే పోతాది."

"ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగా? దానికి తెలుగు వస్తాదా?"

"నేను నేర్పినంత వస్తాది."

"అయితే నీ మొగుడి కంటే మేలు."

ఆమె నవ్వింది. నేనూ మంచి మనసుతోనే ఉన్నాను అప్పటిదాకా. తర్వాత నడిమి గోడ చూశాను. పోలీసు లాఠీలాగా సాపుగా ఉంది.

"ఇది ఎవరి ఇంటి గోడ?"

"మన నడిమి గోడే కదా మామా."

"కాదు. మన గోడ వంకర."

"ఆర్తో ఆన్‌లో ఉండాది మామా. ఇదిగో, ఎఫ్ ఎనిమిది. ఇది వేసుంటే గీత నిలువుగా పోతాది, లేకుంటే అడ్డంగా పోతాది. ఏటవాలుగా పోదు. నేను గోడ అని కొట్టగానే ఆ కమాండే ఎఫ్ ఎనిమిదిని వేసేసుకుంటాది. మనకొచ్చేవాళ్లంతా సాపు గోడలే అడుగుతారు కదా, అందుకని అట్ల పెట్టినాను."

"భూపతి వచ్చి నీతో ఏమన్నా మాట్లాడినాడా?"

"అయ్యో కడవులే! దేవుడా!" అని తల పట్టుకుంది.

నేను అడిగిన దానికి అది జవాబు కాదు.

ఆడి 7, బుధవారం

ఎఫ్ ఎనిమిది. పై వరసలో ఉంది. చుట్టుకున్న పాములాంటి అంకె. మరిచిపోకూడదు.

ఆడి 8, గురువారం

ఇవాళ నాకూ ఒక కమాండ్ కావాలన్నాను. ఆమెకి అన్ని ఉన్నాయి, ఇంటి పెద్దకి ఒక్కటి లేకపోతే ఎలా?

"మీకేంటికి మామా కమాండ్?"

"గోడ వంకర అని అందులో రాయాల. రోజూ నోటితో చెప్పి అలిసిపోతా ఉండాను."

అప్పుడామె పొయ్యి మీద పాలు పెట్టి వచ్చింది. నన్ను వదిలించుకోవాలనే చేసిందని మా ఇంటామె కన్నమ్మాళ్ అంటుంది. ఎందుకు చేస్తే ఏం, చేసింది. కె, ఆర్. కోదండరామన్ అన్న నా పేరులోవే. బస్సు బోర్డుల మీద, మిల్లు మెషిన్ల మీద చూసి ఇంగ్లీషు పెద్ద అక్షరాలు నాకు తెలుసు. కె ఆర్ కొట్టి, ఎంటర్ కొట్టి, తెర మీద ఎక్కడ నొక్కితే అక్కడ అరవంలో పడుతుంది: ఈ గోడ వంకర. ఇట్లు, కోదండరామన్.

ఎంత బాగుందో! ముద్ర చేతికి వచ్చిన తాసిల్దారులాగా ఉంది నాకు. భోజనానికి పిలిచినా లేవలేదు. నడిమి గోడ మీద పై నుంచి కింది దాకా కొట్టాను. ఆమె వచ్చి చూసి వద్దు, వద్దు, వద్దు అని కొట్టి అన్నీ చెరిపేసింది.

పోనీలే. చెరిపితే మళ్లీ కొట్టవచ్చు. కమాండ్ నాది.

ఆడి 9, శుక్రవారం

పొద్దున కోడలు ఆడి నెల అంబలి, కూళు పోయటానికి మారియమ్మ గుడికి పోయింది. కంప్యూటర్ తెరిచే ఉంది. చేతికి అలవాటు కావాలని కె ఆర్ కొట్టి సాధన చేశాను. తెర మీద ఇళ్లన్నీ ఒకేలాగా ఉంటాయి. అది మన ఇల్లు కాదని దాని మీద రాసి ఉందా? ఉంటే ఉండవచ్చు, ఇంగ్లీషు చిన్న అక్షరాలు నాకు రావు.

ఆమె వచ్చి, ఆలస్యమైందని చూడకుండా పంపించేసింది. అది ఆర్.ఎస్. పురం పళ్ల డాక్టరు కట్టిస్తున్న ఇంటి ప్లాన్.

మధ్యాహ్నం డాక్టరు ఫోన్ చేశాడు. అందరికీ వినబడేలా పెట్టింది కోడలు, నాకు బుద్ధి రావాలని.

"ఏమమ్మా, నా పూజ గది గోడ వంకరా? వంటింటి గోడ కూడానా? అన్నిటి మీదా సంతకం ఉండాది. కోదండరామన్ ఎవరు? కొత్త ఇంజనీరా?"

అప్పటికే ఆయన మేస్త్రీని పిలిచి నిలదీశాడట. ఆ మేస్త్రీ రోషపడి, నా గోడకి వంక పెట్టిన కోదండరామన్‌ని రమ్మను అని తాపీ అక్కడ పారేసి పోయాడట.

కోడలు బతిమాలి, మేస్త్రీని తిరిగి తెప్పించి, డాక్టరుకి కొత్త ప్లాన్ పంపేసరికి పొద్దుగూకింది. నాతో మాట్లాడలేదు. కన్నమ్మాళ్ మాట్లాడింది.

"మన ఇంటి వంకర మనకి చాలదా? ఊరంతా పంచాలా?"

నా సంగతి నేను చెబుతాను. ఆ డాక్టరు నాకు థాంక్స్ చెప్పాలి. గోడలన్నీ మళ్లీ చూసుకున్నాడు కదా!

ఆడి 10, శనివారం

కె ఆర్ కొట్టాను. ఏమీ రాలేదు. నా కమాండ్ తీసేసింది.

ఆడి 12, సోమవారం

ముద్ర పోతే పోయింది. గోడే నేను గీస్తాను అనుకున్నాను.

కోడలు బజారుకి పోయింది. ఎఫ్ ఎనిమిది తీసేశాను. నడిమి గోడ మీద నొక్కి, డిలీట్ కొట్టాను. పోయింది. ఇన్నేళ్లలో ఆ గోడ లేకుండా రెండు ఇళ్లనీ చూడటం ఇదే మొదలు. ఒకటే ఇల్లులాగా ఉంది. కొంచెంసేపు ఊరికే చూశాను. కాలు తిమ్మిరెక్కింది, అందుకని.

తర్వాత గీత మొదలుపెట్టాను. గేటు దగ్గర బాగానే పడింది. వెనక్కి లాక్కుంటూ పోతే ఒక పచ్చ చదరం కనబడింది. దాని గుణం ఏమిటంటే, ఎక్కడ మూల కనబడితే అక్కడికి, దూడ తల్లి పొదుగు చూసినట్టు, పరుగెత్తి అతుక్కుంటుంది. నేను ఇటు లాగుతాను, అది అటు పోతుంది. చివరికి పోయి భూపతి బాత్రూము అవతలి మూలకి అతుక్కుంది. గీత పడిపోయింది.

కావాలని చేయలేదు. అతుక్కుంది. అతుక్కున్నాక చూస్తే అదీ బాగానే ఉందనిపించింది.

ప్రింటు తీసి, రాయికి చుట్టి, గోడ మీద నుంచి అటు పడేశాను. వాడికి తెలియాలి.

ఆడి 13, మంగళవారం

భూపతి భార్య సౌందరం వచ్చింది, చేతిలో ఆ కాగితం పట్టుకుని. ఆమెకి నా మీద కోపం లేదు, నాకూ లేదు. ఆడవాళ్లు ఇద్దరూ ఆ గోడ మీద నుంచే రోజూ మాట్లాడుకుంటారు. కోపం మగవాళ్ల పని.

"బావా, మీ కోడలు పిల్ల చదివి చెప్పింది. ఈ గీత ప్రకారం మా బాత్రూము మీదయిపొయ్యినాది. రేపటి నుంచి నేను సోపు పట్టుకుని మీ ఇంటికి రావాలా, లేకుంటే మీరే వచ్చి నీళ్లు కాచి పెడతారా?"

కన్నమ్మాళ్ నవ్వి నవ్వి చాప మీద కూలబడింది. ఇంత నవ్వు పెళ్లిలో కూడా చూడలేదు నేను.

"అది నేను చేసింది కాదమ్మా. మెషిను చేసింది," అన్నాను.

"స్నాప్ మామా అది," అంది కోడలు. "మూల కనబడితే పట్టుకుంటాది. పట్టుకుంటే విడవదు. వద్దనుకుంటే ఎఫ్ మూడు కొట్టి మనమే విడిపించుకోవాల."

"ఓ, మీ మామ మాదిరే," అంది కన్నమ్మాళ్.

అప్పుడు గోడ అవతల నుంచి భూపతి గొంతు వచ్చింది. నాతో కాదు, పెండ్లాంతో మాట్లాడినట్టు.

"సౌందరం! బాత్రూముతో బకెట్టు కూడా కావాలేమో అడుగు! చెంబు మాత్రం ఇవ్వను, అది మా అవ్వది!"

నేను వాడితో మాట్లాడను. పిట్టగోడ మీద కాకి ఉంది. దానితో చెప్పాను.

"కాకీ, పోయి చెప్పు. ఆ చెంబు మా అవ్వది కూడా!"

కాకి ఎగిరిపోయింది. కోడలు రెండు చేతులూ ఎత్తేసింది.

"పోదుం! ఇంక చాలు! ఆడి పదునెట్టు పండగ ఆదివారం వస్తాది. అందరూ ఇంట్లో ఉంటారు. ఆ రోజు టేపు పట్టి రెండు ఇళ్లూ కొలుస్తాను. ముందర, వెనక, రెండు పక్కలా. ఎట్ల వస్తే అట్ల గీస్తా. ఆర్తో వేయను. గోడ వంకర అయితే వంకర. సాపు అయితే సాపు. దాని మీద ఇద్దరూ సంతకం పెట్టాల. సరియా?"

"సరి," అన్నాను.

"సరి," అంది గోడ అవతల గొంతు.

ఇద్దరం ఒకేసారి అన్నాం. అది నాకు నచ్చలేదు.

ఆడి 16, శుక్రవారం

గెలుపు నాదే. వీధి చివర టీ అంగడిలో ముందే చెప్పేశాను.

ఆడి 18, ఆదివారం

కన్నమ్మాళ్ చిత్రాన్నాలు చేసింది. పులుసన్నం, నిమ్మకాయ అన్నం, కొబ్బరన్నం. ఒక్కొక్కటీ గోడ మీద నుంచి అటు పోయింది, అటు నుంచి పెరుగన్నం వచ్చింది. తేని ఊళ్లో ఏలకుల వ్యాపారం చేసే జీవ నిన్ననే వచ్చాడు. టేపు పట్టమంటే తిని పడుకున్నాడు. గోడ మాట వస్తే వాడికి చిన్నప్పటి నుంచీ నిద్ర వస్తుంది.

కాబట్టి టేపుకి ఒక కొస నేను, ఇంకొక కొస భూపతి. వేరే మనిషి లేడు.

పెరట్లో గోడ రొమ్ము ఎత్తే ఉంటుంది. నేను నా అవతలి పక్క, సందు వైపు గోడకి టేపు ఆనించి పట్టాను. వాడు వాడి అవతలి గోడకి ఆనించి పట్టాడు. టేపు నడిమి గోడ మీద నుంచి పోయింది. కోడలు నడుమ నిలబడి ఫోనులో రాసుకుంది.

"మామా, బిగించి పట్టండి."

బిగించాను. వాడు అటు లాగాడు. నేను ఇటు లాగాను. వాడు ఇంకా లాగాడు.

"చిన్నమామా! టేపు తెంపుతారా ఇద్దరూ? ఇది తాడు లాగే పందెం కాదు!"

"లాగేది నేను కాదమ్మా," అన్నాడు వాడు.

"నేను కూడా కాదు," అని కోడలితో చెప్పాను.

వాణ్ణి ఎదురుగా చూసి ఎన్నాళ్లో అయింది. రోడ్డు మీద ఎదురైతే తల తిప్పుకుంటాం కదా. తల పూర్తిగా మా నాయన తలే అయిపోయింది. బనియన్ భుజం దగ్గర చినిగింది, సౌందరం కుట్టినట్టు లేదు.

కొలతలు అయ్యాక వాడు టేపు వదిలేశాడు. అది సర్రుమని వచ్చి నా వేలికి తగిలింది. "అయ్యో" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. కాకి కూడా లేదు అక్కడ.

ఆడి 20, మంగళవారం

గోడ వంకర!

కోడలు కొలతలు వేసింది. ఎఫ్ ఎనిమిది తీసి గీసింది. నా కళ్లెదుటే నడిమి గోడ గేటు దగ్గర బయలుదేరి, పోను పోను ఒక పక్కకి ఒరిగిపోయింది. కుర్చీలోంచి లేచి పెరట్లోకి పోయి గోడకి వినబడేలా అరిచాను.

"వంకర! మెషినే చెప్పినాది! ఇన్నేళ్లు నేను చెప్పలేదా!"

అటు నుంచి చప్పుడు లేదు. తప్పు చేసినవాడు ఏమంటాడు?

తిరిగి వచ్చేసరికి కోడలు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తెర చూస్తోంది.

"మామా, కూర్చోండి."

"నిలబడే వింటాను. గెలిచినవాడు కూర్చోడు."

"నడిమి గోడ వంకరే. ఒక జానెడు ఒరిగినాది. కానీ ఇటు కాదింగ. అటు ఒరిగినాది. చిన్నమామ పక్కకి."

"అంటే?"

"అంటే వాళ్ల చోటు ఒక జానెడు మీ పక్క ఉండాది."

"మరి నా పెరడు సన్నబడినాదే? కళ్లు లేవా నాకు?"

ఆమె ఇంకొక గీత చూపించింది. సందు పక్క గోడ. మా తాత కాలంలో సందు వెంట కట్టిన గోడ. అది ఇంకా వంకర. పోను పోను లోపలికి, నా పెరట్లోకి వచ్చేసింది.

"మీ పెరటిని సన్నం చేసింది ఇది మామా. సందే వంకరగా పోతాది, దాని వెంట గోడ పొయ్యినాది. మీరు ఎప్పుడూ ఈ నడిమి గోడనే చూసినారు. అటు తిరిగి చూడలేదు. చిన్నమామ గోడ అటు జరపకపోయుంటే మీ పెరడు ఇంకా సన్నంగా ఉండేది."

కంప్యూటర్ తప్పు. టేపు వాడు వదులుగా పట్టి ఉంటాడు. లేదంటే బిగించి పట్టి ఉంటాడు.

ఆడి 21, బుధవారం

ఏమీ లేదు. తలనొప్పి.

సందు గోడ దగ్గరికి పోయి కొంచెంసేపు నిలబడ్డాను. ఊరికే.

ఆడి 22, గురువారం

కోడలి కమాండ్లలో అద్దం అని ఒకటి ఉంది. అది కొడితే కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఆమె స్నానానికి పోయిన సందులో, మొత్తం ప్లాన్ పట్టి అద్దం కొట్టాను. గోడ ఇటు ఒరిగింది. ఇప్పుడు సరిగ్గా ఉంది. ప్రింటు తీశాను. మొదట ఇంట్లో ఒకరికి చూపిద్దామని కన్నమ్మాళ్‌కి చూపించాను. ఆమెకి ఏ భాషా చదవటం రాదు, పేచీ ఉండదు అనుకున్నాను.

ఆమె కాగితం చేతిలోకి తీసుకుని వంటింటి మీద వేలు పెట్టింది.

"మన పొయ్యి అగ్గి మూల వదిలిపెట్టి నైరుతి కన్ని మూలకి ఎప్పుడు పొయ్యినాది?"

నేను కాగితం వెనక్కి అడిగాను.

"సందు ఈ పక్కకి వచ్చేసినాది. మీ తమ్ముడి ఇల్లు అటు పొయ్యినాది. గోడని తిప్పితే ఇల్లు కూడా దానితోనే తిరిగినాది కదా సామీ! ఇప్పుడూ ఆ జానెడు మన పక్కనే ఉండాది, చూడండి."

నిజమే. ఇల్లు మొత్తం తిరిగింది. ఆ జానెడు నాతోనే తిరిగి వచ్చింది. అది కూడా స్నాప్ లాంటిదే, విడవదు.

ఆమె వేలు పెరట్లోకి పోయింది. అక్కడ గోడ పక్కనే ఒక చిన్న గుండ్రం.

"ఇదేమి?"

తడి తలతో వచ్చిన కోడలు చూసి చెప్పింది. "అది మీ కరివేపాకు చెట్టు అత్తా. చెట్టు ఉంటే ప్లాన్‌లో గుండ్రం వేస్తాం."

కన్నమ్మాళ్ ఆ గుండ్రం చూసి నవ్వింది. నవ్వుతూనే చెప్పింది.

"ఇరుళప్పన్ దారం సాపుగా కట్టినాడు. అట్ల పోతే ఈ చెట్టు వాళ్ల పక్కకి పోతాది. నేను పెండ్లయి వచ్చిన వారం నాటింది. వాకిట్లో నిలబడి చూస్తా ఉంటిని. మీ తమ్ముడు నా ముఖం చూసి, 'వొదినా, చెట్టు నీకా నాకా' అన్నాడు. 'నాకే' అంటిని. దారం వెనక కొస పీకి అటు, వాళ్ల పక్కకి నాటమన్నాడు. అంతే సంగతి."

"ఇన్నేళ్లు నాతో ఏంటికి చెప్పలేదు నువ్వు?"

"మీరు అడిగినారా? అరిచినారు. అరిచేవాళ్లకి ఎవరు చెప్పేది? ఇయ్యాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నా. తర్వాత మీకు ఆ కోపం బాగా అలవాటైపొయ్యినాది. పొద్దున కాఫీ మాదిరి. తీసేస్తే ఏమైపోతారో అని ఊరుకున్నా."

కోడలు తెర వైపు తిరిగి ఏదో పని ఉన్నట్టు కూర్చుంది. భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోందో ఏమో.

మధ్యాహ్నం రసంలో కరివేపాకు ఏరి పక్కన పెట్టలేదు. నమిలేశాను. చేదు లేదు.

ఆడి 23, శుక్రవారం

భూపతీ,

ఈ పేజీ చించి నీకు పంపుతున్నాను. ఈ అక్షరాలు నువ్వు తప్ప ఈ వీధిలో ఎవరూ చదవలేరు. సౌందరానికి చదివి వినిపించవద్దు. మీ వొదిన రోజూ గోడ మీద నుంచి ఇచ్చే కరివేపాకు రెబ్బ ఇవాళ దీనిలో చుట్టి వస్తుంది.

నేను మన్నించమని అడగటానికి రాయటం లేదు. గోడ వంకర అన్నాను. వంకరే. మెషిను కూడా ఒప్పుకుంది. నా మాట పొల్లు పోలేదు.

నేను అడిగేది వేరే. ఆ రోజు నేను పునాది గట్టున నిలబడి అరిచినప్పుడు, "వొదిన చెట్టు కోసం అన్నా" అని ఒక్క మాట నువ్వెందుకు అనలేదు? నీ నోటికి ఏమొచ్చింది? నేను వీధిలో అరిచాను, టీ అంగడిలో అరిచాను, జీవ పెండ్లి పందిట్లో నిన్ను చూసి అవతలి పంక్తిలో పోయి కూర్చున్నాను. అన్నీ చూస్తూ ఊరుకున్నావు. నేను ఒక్కణ్ణే చెడ్డవాణ్ణై, నువ్వొక్కడివే మంచివాడివిగా ఉండాలని నీకు ఎవరు రాసిచ్చారు? అన్నకి వాటా ఇవ్వకుండా తినేది ఏదైనా దొంగతనమే. మంచితనం కూడా.

సందు గోడ వంకర అని నీకు ముందే తెలుసా? అది కూడా చెప్పు.

ప్లాన్ సోమవారం పోవాలి. గోడ ఉన్నది ఉన్నట్టే, నీ పక్కకి ఒరిగినట్టే గీయమని కోడలితో చెప్పాను. చెట్టు గుండ్రం పెద్దదిగా వేయమన్నాను. నువ్వు వచ్చి సంతకం పెట్టి, నేను అడిగిన దానికి నోటితో జవాబు చెప్పాలి. గోడ మీద నుంచి కాదు, గేటులో నుంచి రావాలి. నా కుర్చీ చెప్పుల పక్కన ఉంది, ఎవరు వచ్చినా అక్కడి నుంచి నాకు కనబడుతుంది. అవ్వ చెంబు కూడా తీసుకురా. నాకు ఇవ్వద్దు. చూసి ఇచ్చేస్తాను.

ఆదివారం దీపం పెట్టేలోపు నువ్వు రాకపోతే నేనే ఎఫ్ ఎనిమిది నొక్కి గోడ మళ్లీ గీస్తాను. నాకు వచ్చు. గోడ సాపైపోతుంది, చెట్టు నీ పక్కకి పోతుంది. అప్పుడు మీ వొదినకి జవాబు నువ్వే చెప్పుకో.